వెల, స్వేచ్ఛ: ఇండీ రాక్ గాయకుని సంపదపై ఒక నైతిక విచారణ

కళాకారుడు తన కళకు తానే తక్కువ వెల నిర్ణయించుకోవడం త్యాగమా, స్వేచ్ఛా? అమెరికన్ గాయకుడు ఇయాన్ మకాయ్ జీవితం ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన ఆధారం.

1980లో వాషింగ్టన్‌లో మిత్రులతో కలిసి ఆయన డిస్కార్డ్ రికార్డ్స్‌ను స్థాపించారు. 1987లో వేదికనెక్కిన ఆయన బృందం ఫుగాజీ, ప్రదర్శనల ప్రవేశ రుసుమును సాధారణంగా 5 డాలర్లకు మించనీయలేదు; అన్ని వయసులవారినీ అనుమతించాలని పట్టుబట్టింది. శ్రోత ఎవరన్నది వెలను బట్టే తేలుతుందన్న ఎరుక ఇందులో ఉంది.

దీనిని వైరాగ్యమనలేము. పోతన రాజాశ్రయాన్ని తిరస్కరించాడన్న ఐతిహ్యంలో కవి ధనానికే దూరమవుతాడు. మకాయ్ రికార్డులు అమ్మారు, సంస్థను నడిపారు. ఆయన నిరాకరించినది ధనాన్ని కాదు, తన కళపై పరుల నిర్ణయాధికారాన్ని. మేనేజరు లేకుండా, ఖర్చు తగ్గించుకొని పనిచేయడం వల్లనే ఆ నిరాకరణ నిలిచింది.

అయితే నిరాకరించగల వెసులుబాటు అందరికీ ఉండదు. కుటుంబ పోషణకై పెద్ద సంస్థతో ఒప్పందం చేసుకున్న గాయకుణ్ణి ఈ ప్రమాణంతో దోషిగా నిలపడం న్యాయం కాదు. కనుక మకాయ్ ఆచరణ విధి కాదు, నిదర్శనం మాత్రమే. కళాకారుని సంపదను లెక్కించేటప్పుడు కూడబెట్టిన సొమ్ముతోపాటు, తన చేతిలో నిలుపుకొన్న నిర్ణయాలనూ లెక్కించాలని అది గుర్తుచేస్తుంది.