బాల్కనీలో బీరపాదు

కూరగాయలు పండించడానికి ఎకరాలు అక్కర్లేదని నగరాల్లో ఇప్పుడు చాలామందికి తెలుసు. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారపల్లిలో తన ఇంటి పైన మిద్దెతోట పెంచి చూపాక, ఎందరికో ఆ ధైర్యం వచ్చింది. మాకు మిద్దె కూడా లేదు. హైదరాబాదు అపార్ట్‌మెంటులో పొద్దుటెండ పడే ఒక బాల్కనీ ఉంది. అందులోనే మెంతికూర, తోటకూర, వంగ మొక్కలు, గ్రిల్లుకు పాకించిన ఒక బీరపాదు. ఇంత ఇరుకు చోటు నాకు నేర్పింది ఒకటే. పొలంలో ప్రకృతి అడక్కుండా చేసిపెట్టే పని ఎంతో, అది జరగని చోట తెలుస్తుంది.

బీరపువ్వు పొద్దువాలే వేళకు విచ్చుకుంటుంది. మగపూలు గుత్తిగా వస్తాయి, ఆడపువ్వు ఒంటరిగా. ఆడపువ్వు రేకుల కింద వేలెడంత పిందె అప్పటికే ఉంటుంది, గీతలతో సహా. కానీ పుప్పొడి అందకపోతే ఆ పిందె పసుపుబారి రాలిపోతుంది. మా బాల్కనీకి ఆ వేళప్పుడు తేనెటీగ రాదు. అందుకే మగపువ్వును కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా అద్దుతాను. పిందె నిలిచి సాగడం మొదలుపెడితే కలిగే సంతోషం చెప్పలేను. ఆ వెంటనే ఒక ఆలోచన వస్తుంది. ఎకరం బీరతోటలో సాయంత్రం పూట ఈ పని ఎన్ని పూలకు జరగాలి! ఏ కూలీ చేయగలడు?

మట్టి సంగతీ అంతే. కుండీలో పోసిన ప్రతి చెంబు నీళ్లూ అడుగు రంధ్రం గుండా పోతూ సారాన్ని కొంత పట్టుకుపోతాయి. కొన్నాళ్లకు కింది ఆకులు పాలిపోతాయి. వర్మీ కంపోస్టు, వేపపిండి మళ్లీ మళ్లీ వేయాలి. పొలంలో వేరు తనకు కావలసింది వెతుక్కుంటూ లోతుకు పోతుంది. వానపాములు, కంటికి కనబడని జీవులు రాలిన ఆకును ఎరువు చేస్తాయి. వంగ చిగుళ్లకు పేనుబంక పడితే నేను వేపనూనె నీళ్లు పట్టుకుని ఆకు ఆకూ తిప్పి చూడాలి. మందులు కొట్టని చేలో అక్షింతల పురుగులు వాటిని తిని పెడతాయి.

ఈ పనులకు ఎవరూ కూలి అడగలేదు. అందుకే మనం వాటిని లెక్కలో రాయలేదు. పురుగుమందులతో తేనెటీగను, అక్షింతల పురుగును పోగొట్టుకున్న చోట రైతు ఆ లోటును కొనుక్కుని పూడ్చుకోవాల్సి వస్తోంది. బాల్కనీలో నాకు సరదాగా ఉన్న శ్రమ, పొలంలో అతనికి అప్పవుతుంది.

బాల్కనీ పంటతో ఇల్లు గడవదు. ఎంత పండినా మన అన్నం పొలం నుంచే రావాలి. అయినా కుండీ పట్టేంత చోటుంటే ఒక్క పాదు పెట్టండి, దాని పువ్వు విచ్చే వేళ దగ్గరుండి చూడండి. ఊరి చివర చేలు ప్లాట్లుగా మారుతున్నప్పుడు పోతున్నది మట్టి ఒక్కటే కాదని, మనుషులెవరూ చేయలేని పని కూడా దానితో పోతోందని అప్పుడు మీకే తెలుస్తుంది. తెలిశాక ఊరుకోకండి, నలుగురికీ చెప్పండి.