డ్రాలో రాని పిల్ల

ఢిల్లీ ప్రభుత్వ బడిలో నేను పాఠాలు చెబుతాను. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో ప్రవేశ స్థాయి తరగతి సీట్లలో 25 శాతం పేద, వెనుకబడిన పిల్లలకు కేటాయించింది. ఆ పిల్లల చదువు ఖర్చు సర్కారు చెల్లిస్తుంది, తన బడుల్లో ఒక్కో పిల్లకు పెట్టే ఖర్చు దాటకుండా. 2012లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపును సమర్థించింది. ఇక్కడ సీట్లు కంప్యూటర్ డ్రాలో పంచుతారు.

త్రిలోక్‌పురిలో ఇస్త్రీ చేసే ఒకాయన పెద్దకూతురికి సీటొచ్చింది, చిన్నదానికి రాలేదు. "దాని కర్మ, మాస్టర్‌జీ" అన్నాడు.

నేనొప్పుకోను. మూడేళ్ల పిల్ల ఏం చేసిందని ఈ ఫలం? పూర్వజన్మ అంటారా, ఉండనివ్వండి. దానివల్ల పాలకుడి బాధ్యత తీరదు. డ్రాలో పక్షపాతం లేదు, సిఫార్సుల కంటే అదెంతో మేలు. అయినా పిల్ల చదువును అదృష్టానికి వదిలేయడం ధర్మమని నా మనసు అనదు.

పట్టుదలగల తల్లిదండ్రులు ప్రైవేటు బడుల వైపు వెళ్లిపోతే మా బడి కోసం గట్టిగా అడిగేదెవరు? పెద్దదాని సీటు పోవాలని నేను కోరను. చిన్నది నా తరగతిలోనే ఉంది. దానికీ అంత మంచి బడి కావాలి.