బట్లర్ గారి బిల్లు

జాన్ వాషింగ్టన్ బట్లర్ టెనెసీ రాష్ట్రంలోని మేకన్ కౌంటీ రైతు. 1922లో రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికై రెండు దఫాలు పనిచేశాడు. ఆయన రాజకీయం అంతే. ఆ కాస్త వ్యవధిలో రాసిన ఒక్క బిల్లు మాత్రం ప్రపంచమంతా మోగింది.

పై చదువులకు వెళ్లిన పిల్లలు బైబిలును తీసిపారేసే మనుషులై ఇంటికొస్తున్నారన్నది ఆయన బెంగ. పరిణామవాదం గురించి అప్పటికి తనకు ఏమంత తెలియదని తర్వాత తనే ఒప్పుకున్నాడు. 1925 జనవరిలో పెట్టిన బిల్లు ప్రకారం, ప్రభుత్వ సొమ్ముతో నడిచే విద్యాసంస్థల్లో బైబిలు చెప్పిన సృష్టిని కాదని, మనిషి జంతువుల నుంచి వచ్చాడని పాఠం చెబితే 100 నుంచి 500 డాలర్ల జరిమానా. చెట్టూ పిట్టా ఎలా పుట్టాయో ఎవరేం చెప్పుకున్నా దానికి పట్టదు, పట్టింపంతా మనిషి గురించే. ప్రతినిధుల సభలో 71–5తో, సెనేట్‌లో 24–6తో నెగ్గింది. ఎలాగూ అమలు కాదులే అనుకుంటూనే గవర్నర్ ఆస్టిన్ పీ మార్చి 21న సంతకం పెట్టాడు.

అసలు చిక్కు బట్లర్ మతంలోనే ఉంది. ఆయన ప్రిమిటివ్ బాప్టిస్టు, ఆ శాఖవారి రౌండ్ లిక్ సంఘానికి కార్యదర్శి. ఎవరికి రక్షణ దక్కాలో సృష్టికి ముందే దేవుడు నిర్ణయించేశాడని వాళ్ల నమ్మకం. అందుకే 1830ల నుంచీ మిషన్ సొసైటీలు వద్దన్నారు, ఆఖరికి సండే స్కూళ్లూ వద్దన్నారు. దేవుడి పనికి మనుషులు ఊతకర్రలు అందించడమేమిటని వాళ్ల వాదన. మరి సండే స్కూలు సాయమే అక్కర్లేని విశ్వాసానికి శాసనసభ సాయం ఎందుకు కావలసివచ్చింది?

పన్నులు కట్టే జనమే బడిలో ఏం చెప్పాలో తేల్చుకుంటారని, ఈ చట్టాన్ని సమర్థించిన రాజకీయ నాయకుడు విలియం జెన్నింగ్స్ బ్రయన్ వాదించాడు. ఓటరు నోట అది గట్టి మాటే. భక్తుడి నోట మాత్రం తేలిపోతుంది. మెజారిటీ అండతో నిలబెట్టిన నమ్మకం, రేపు మెజారిటీ మారితే ఎవరి గుమ్మం ఎక్కాలి?

ఆ జులైలో టెనెసీలోని డేటన్ పట్టణంలో, ఈ చట్టాన్ని మీరాడని జాన్ స్కోప్స్ అనే మాస్టారిపై విచారణ జరిగింది. ఆయన వాడిన, పరిణామం గురించి చెప్పే జీవశాస్త్ర పుస్తకం రాష్ట్రం ఆమోదించినదే, ఊళ్లోని మందుల షాపులోనే అమ్మేవారు! శాస్త్రవేత్తల సాక్ష్యం జ్యూరీ వినకూడదని జడ్జి రాల్‌స్టన్ తీర్మానించాడు. విచారణ చూడవచ్చిన బట్లర్‌కు ఇది నచ్చలేదు, వాళ్లనూ చెప్పనివ్వాలన్నాడు. ఈ సంగతి తెలిశాక ఆయన్ని మూర్ఖుడని కొట్టిపారేయడం కష్టం. తన విశ్వాసానికి ఏమవుతుందోనన్న దిగులు ఆయనకు లేదు, దిగులంతా పిల్లల గురించే.

స్కోప్స్‌కు 100 డాలర్ల జరిమానా పడింది. 1927లో రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థిస్తూనే శిక్షను కొట్టేసింది. 50 డాలర్లు దాటిన జరిమానాను జ్యూరీ వేయాలి, ఇక్కడ జడ్జి వేశాడు. బట్లర్ చట్టాన్ని టెనెసీ శాసనసభ 1967లో రద్దు చేసింది.