రోగి పక్షమున పలుకుటయు దాసోహమే



దాసోహమనగా అన్నము పెట్టుట యని మనలో పెక్కుమంది తలంతురు. ఆకలిగొన్నవానికి అన్నమెట్టిదో, మాటాడు శక్తి లేక మంచముపై పడియున్న రోగికి తన పక్షమున పలుకు నోరును అట్టిదే. ఆ నోరగుట కూడ దాసోహమే యని మనవి చేయదలచితిని.

పాల్కురికి సోమనాథుని బసవపురాణములోని బెజ్జమహాదేవి కథ మనకు క్రొత్తది కాదు. శివునకు తల్లి లేదు గదా యని వగచి, తానే తల్లియై ఆమె ఆయనను పసిబిడ్డగా సాకినది. ఆమెను పరీక్షింపదలచి శివుడు జబ్బుపడిన శిశువువలె నుండగా తల్లడిల్లినది. లోకేశ్వరునకు రోగమేమి యని యూరకుండలేదు. బిడ్డ చెప్పలేని బాధను తల్లి తన బాధగా నెంచినది. మన యింటి రోగియందును ఆ శివుడే యున్నాడని నమ్మినచో మనమును ఊరకుండరాదు.

ఈనాటి ఆసుపత్రిలో ఊరకుండుట మిక్కిలి సులభము. తెల్లవారకముందే ఓపీ చీటీకై వరుసలో నిలువవలెను. నిన్నటి వైద్యుడు నేడుండడు. రక్తపరీక్ష కాగితము ఒకచోట, స్కానింగు కాగితము వేరొకచోట నుండును. ప్రతి మారును కథ మొదటినుండి చెప్పవలెను. విసిగి, "వారికి తెలియదా, చూచుకొందురు లే" అని మనము గోడకు చేరబడుదుము.

మా అన్నగారికి మూత్రపిండముల వ్యాధి ముదిరి డయాలసిస్‌కు చేరువైన దినములలో జరిగిన దొకటి చెప్పెదను. కీళ్లనొప్పికని ఒక క్రొత్త వైద్యుడు డైక్లోఫెనాక్ మాత్రలు వ్రాసెను. మా వదినగారు అయిదవ తరగతితో చదువు మానినది. కాని ఆ జాతి నొప్పిమాత్రలు మూత్రపిండములకు హాని చేయునని పూర్వపు వైద్యుడు చెప్పిన మాటను ఆమె నోటుపుస్తకములో వ్రాసికొని యుండెను. "వైద్యుడవు నీవా, నేనా?" అని ఆయన గద్దించెను. ఆమె అరవలేదు, కదలలేదు. "అయ్యా, మీరు తప్పు రాశారని కాదు. ఈ కాగితం ఒక్కసారి చూడండి" అని మూడు మారులు పలికెను. తుదకు పెద్ద వైద్యుడు వచ్చి చూచి ఆ మందును కొట్టివేసి వేరొకటి వ్రాసెను. ఆనాడు మా అన్నగారిని కాపాడినవి ఆ పుస్తకమును, ఆమె నిబ్బరమును.

రోగము పూర్వకర్మఫలము, ఎదురాడి యేమి ప్రయోజనమని కొందరందురు. కాయకమును కైలాసముగా నెంచిన మార్గమున చేతులు ముడుచుకొనుటకు తావు లేదు. ఫలము శివునిది, ప్రయత్నము మనది. మరికొందరు కోపముతో బల్లలు గ్రుద్దుదురు. వైద్యుని పనియు కాయకమే. రాత్రియంతయు నిద్ర లేక నిలిచిన నర్సును దూషించిన రోగికి మేలు కలుగదు. అడుగుట అవమానించుట కాదు. ఓర్చుట నోరు మూసికొనుట కాదు.

అడుగుటకు మనకు హక్కు కలదు. భారత వైద్యమండలి 2002లో చేసిన నియమావళి ప్రకారము రోగి గాని, అతని పక్షమున అధికారము గలవారు గాని కోరినచో చికిత్సా పత్రములను 72 గంటలలో ఇయ్యవలెను. శస్త్రచికిత్సకు ముందు దాని స్వరూపమును, అపాయములను, ఇతర మార్గములను తెలిపి సమ్మతి గైకొనవలెనని సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పినది. కావున చదువని కాగితముపై వ్రేలిముద్ర వేయకుడు. ఏ మందు ఎందుకు, ఎన్ని దినములు, మరల ఎప్పుడు రావలెను అను ప్రశ్నలను ఇంటియొద్దనే వ్రాసికొని పొండు. వాడుచున్న మందుల పేరులు, పడని మందుల పేరులు ఒకే పుటలో నుండవలెను.

అన్నిటికంటె ముందు రోగినే అడుగుడు. మనము పలుకవలసినది అతని మాటయే గాని మన మాట కాదు. ఎం.ఆర్.ఐ. గదిలోనికి లోహపు వస్తువులు తీసికొనిపోరాదు. వెండి లింగకాయను తీయుమనగానే మన పెద్దలు కొందరు పరీక్షయే వలదందురు. అట్టివేళ వారిని కసరక, కారణము వివరించి, ఇష్టలింగమును శుచియైన వస్త్రమున భద్రపరచి, పరీక్ష ముగియగానే వారి చేతికిత్తుమని మాట యిచ్చి నిలుపుకొనవలెను. వ్యాధి నయము కానిదైనపుడును మన పని తీరదు. నొప్పి తగ్గించుమని, చివరి దినములు ఇంట గడుపనిండని కోరువాడొకడు వలయును గదా!

పిల్లలు దూరదేశములలో నుండగా ఒంటరిగా ఆసుపత్రి మెట్లెక్కు వృద్ధులు ప్రతి గ్రామమున కలరు. ప్రతి సంఘమునను చదువనేర్చిన ఇద్దరు వంతులవారిగా వారి వెంట పోయి, కాగితములు చదివి, ప్రశ్నలడిగి, ఇంటికి చేర్చిన చాలును. దానికి ధనము పని లేదు. ఒక పూట కాలము, ఒక నోటుపుస్తకము చాలును. జంగమునకు పెట్టిన అన్నము వృథా కానట్లే, నోరు లేనివాని పక్షమున పలికిన మాటయు వృథా కాదు.