కీర్తన అను కాలువ
(పురుషోత్తమ చౌదరిగారి జీవితమునుండి ఒక ధ్యానము)

ధ్యాన భాగములు: కొలస్సయులకు 3:16, అపొస్తలుల కార్యములు 16:25



గోదావరి డెల్టాలో కాపురమున్న మనకు కాలువ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తియాయెను. అంతకుముందును గోదావరి నిండుగానే పారెను. గాని ఆ నీరు చాలవరకు చేనికెక్కక సముద్రము పాలాయెను. ఆనకట్ట కట్టి కాలువలు త్రవ్విన తరువాతనే అది ఊరూర రైతు చేను తడిపెను. దేవుని వాక్యమును జీవనదియే. అయితే ఆ నీరు మన హృదయమను చేనికి ఏ దారిని వచ్చును? క్రీస్తు వాక్యము విశ్వాసులలో సమృద్ధిగా నివసింపవలెనని కోరిన పౌలు, ఒకరికొకరు బోధించుకొనుటకు పాటను ఒక దారిగా చూపుచున్నాడు. మన తెలుగు సంఘములకు అట్టి కాలువ త్రవ్విన ఒక భక్తుని ఈ నెల జ్ఞాపకము చేసికొందము.

1. పాట వ్రాసినవాడు

పురుషోత్తమ చౌదరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబములో జన్మించిరి. 1833లో కటకములో బాప్తిస్మము పొందిరి. నరసాపురమున సువార్తపని మొదలుపెట్టిన బౌడెను, బీరు అను మిషనరీలు మన దేశమునకు వచ్చినది 1836లో. రాజమహేంద్రవరమున లూథరను పని ఆరంభమైనది 1845లో. అనగా మన డెల్టాలో ఈ సంఘములు పుట్టకమునుపే, వాటికి పాటలు వ్రాయబోవు చేతిని ప్రభువు సిద్ధపరచుచుండెను.

ఆ దినములలో బ్రాహ్మణుడు బాప్తిస్మము పొందుట అనగా కులమును, బంధువుల పంక్తిని, పుట్టిన ఇంటి గౌరవమును ఒక్కదినముననే విడుచుట. అంతయు విడిచిన ఆయన ఒకటి మాత్రము విడువలేదు. తాను నేర్చిన సంగీతమును, పద్యవిద్యను తెచ్చి ప్రభువు పాదములయొద్ద పెట్టెను. 1890లో నిద్రించువరకు ఆ విద్య ప్రభువుదే. ఆయన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో ఉన్నవి. పర్లాకిమిడి ప్రాంతమున పుట్టినవాడు తెలుగువారికి పాట ఇచ్చెను! దేవుని కృప భాషల సరిహద్దులను ఎరుగదు.

2. పాట పాడవలసినవారు

పాశ్చాత్య దేశములలో సంఘగానము కూర్చినవారు అనేకులు పియానో యెదుట కూర్చుండి, నాలుగు గొంతులకు నాలుగు వరుసలు వ్రాసిరి. అది వారి సంఘములకు దేవుడిచ్చిన వరము. మన కీర్తనకారుడు మన దేశపు త్రోవ పట్టెను: రాగము, తాళము, పల్లవి, చరణములు. ముందు పాడువాడు ఒక చరణము ఎత్తుకొనును, సంఘమంతయు దానిని అందుకొనును. అక్షరము రాని కూలివాడును నాలుగు ఆదివారములలో ఆ కీర్తన నేర్చుకొనును. పుస్తకము కొనలేనివాని గుండెయే పుస్తకమాయెను.

ఇది క్రొత్త సంగతి కాదు. 1524లో లూథరుగారి పాటల పుస్తకములు జర్మనీలో అచ్చుపడినప్పుడు, గుడిలో వినువారుగా నున్న సామాన్యులు పాడువారైరి. దావీదు కాలములో నేర్పుగల గాయకులు 288 మంది. పిన్నయని పెద్దయని, గురువని శిష్యుడని భేదము లేక అందరును చీట్లు వేసికొనిరని 1 దినవృత్తాంతములు 25వ అధ్యాయములో చదువుచున్నాము. పౌలు సీలలు ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి పాడినప్పుడు వాద్యమేదియు లేదు, కాళ్లు బొండలో ఉండెను. అయినను తక్కిన ఖైదీలు వినుచుండిరి.

3. పూడిక

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. మా సంఘములో చదువురాని ఒక వృద్ధ మామ్మగారు ఉండెడివారు. ఆరాధనకు ముందు వచ్చి, చాపమీద కూర్చుండి, పాత కీర్తన ఒకటి ఎత్తుకొనెడివారు. కీబోర్డు, మైకు వచ్చిన తరువాత, మన యౌవనస్థులు సిద్ధపడుచున్నారు, కొంచెము ఆగుడని ఒక ఆదివారము నేనే ఆమెతో చెప్పితిని. ఆమె ఆగెను. మరి ఎన్నడును ఎత్తుకొనలేదు. కొంతకాలమునకు ఆమె మంచము పట్టగా చూడబోతిని. నిష్ఠూరపు మాట ఒక్కటియు లేదు. ఒక్క సంగతి మాత్రము అడిగెను: “అయ్యగారూ, నేను పోయిన రోజున నా కీర్తన ఎవరు పాడతారండీ? మన పిల్లల్లో ఎవరికొచ్చునండీ?”

నేను జవాబు చెప్పలేకపోతిని. ఆమె సమాధియొద్ద నలుగురు ముసలివారు వణకు గొంతులతో ఆ కీర్తన పాడిరి. నలువదిమంది యౌవనస్థులు తలవంచి నిలిచిరి. వారికి పల్లవియు రాదు. ఆ మౌనము వారి తప్పు కాదు, నాది.

ప్రియులారా, కీబోర్డు పాపము కాదు. హార్మోనియము సహా ఒకనాడు ఐరోపానుండి వచ్చిన అతిథియే. క్రొత్త పాటయు కావలెను. చౌదరిగారి కీర్తనలును తమ దినములలో క్రొత్తవే. అయితే ప్రతి వేసవిలో కాలువ పూడిక తీయనియెడల ఏమగునో మనమెరుగుదుము. తలదగ్గరి చేలకు నీరుండును, శివారు చేలు ఎండును. మన పిల్లలే మన శివారు చేలు. పెద్దల గుండెలలోని నీరు వారివరకు పారుచున్నదా?

కాబట్టి సంఘమునకు నా మనవి. నెలకు ఒక్క కీర్తన ఎంచుకొనుడి. మొదట వాద్యము లేకుండ, తాళము మాత్రము వేసి, పెద్దలచేత పిల్లలకు చెప్పించుడి. అర్థము తెలియని మాటను సంఘకాపరి విప్పి చెప్పవలెను. తరువాత ఆ పిల్లలే వాద్యము చేర్చుదురు. మీ వీధిలో మంచమునున్న మామ్మను, తాతను ఈ వారమే అడుగుడి: “మీ కీర్తన ఏది? మాకు నేర్పండి.” నేను ఆలస్యము చేసితిని; మీరు చేయవద్దు.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా పితరుల నోట నీవుంచిన పాటకై స్తోత్రము. మా నిర్లక్ష్యమును క్షమించుము. పూడిన కాలువను నీవే తెరచి, మా పిల్లల హృదయములను నీ వాక్యముతో తడుపుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.