దిక్కు కుదిరిందా?

ధర్పల్లిలో డాబా మీద ఒకరు డిష్ పట్టుకుని, కింద టీవీ ముందు ఇంకొకరు.

"అచ్చిందా?"

"రాలే. ఇంకింత అటు తిప్పు... ఆ, ఆ... పోయింది!"

వేలెడు కదిపితే చాలు, బొమ్మ మాయం. డీడీ ఫ్రీ డిష్ చానళ్లు జీశాట్-15 నుంచి వస్తాయి. అది భూమధ్యరేఖకు పైన దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. ధర్పల్లి నుంచి చూస్తే ఆగ్నేయంగా, ఆకాశంలో 62 డిగ్రీల ఎత్తున. వాస్తు లెక్కన అది పొయ్యి మూల. డిష్‌కు వాస్తుతో పనిలేదనుకోండి.

తమాషా ఏమిటంటే, ఆ తరంగాలు గుడి గోపురం మీద, మసీదు మినారు మీద, పసుపు ఆరబోసిన కల్లం మీద ఒకేలా కురుస్తూనే ఉంటాయి. దిక్కు కావలసింది ఆ పళ్లేనికే. పడ్డ తరంగాలన్నిటినీ ముందున్న ఎల్‌ఎన్‌బీ అనే చిన్న రిసీవర్‌లోకి పోగుచేయాలంటే అది సూటిగా చూడాలి.

దేవుడు సర్వాంతర్యామి అంటూనే సంధ్యావందనానికి పొద్దున తూర్పుకు, సాయంత్రం పడమరకు తిరగడమెందుకు? పాత ప్రశ్నే. నమాజుకు ఇక్కడివాళ్లు పడమటికి తిరుగుతారు, మక్కా అటుంది గనక. జెరూసలేం వైపున్న కిబ్లా (నమాజు దిక్కు) హిజ్రీ 2లో, అంటే 624లో, మక్కాకు మారింది. దేవుడు చోటు మారాడని ఎవరూ అనుకోలేదు, మొక్కేవాళ్లే ముఖం తిప్పుకున్నారు. తెలుగువాడికైతే తూర్పూ దిక్కే, ఆదుకునేవాడూ దిక్కే.

దిక్కే లేని సంకేతమూ ఒకటుంది. 1964లో అమెరికాలోని న్యూజెర్సీలో పెంజియాస్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు తమ కొమ్ము యాంటెన్నాను ఎటు తిప్పినా ఒకటే సన్నని రొద. అందులో గూడు కట్టిన పావురాల రెట్టనూ తుడిచేశారు, రొద పోలేదు. అది విశ్వం తొలినాళ్ల వేడి తాలూకు మిగులు అని తేలి, 1978లో వాళ్లకు నోబెల్ వచ్చింది. నిర్గుణబ్రహ్మానికి ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదేమో. కానీ ఆ రొదలో బొమ్మ రాదు, మాట రాదు. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో 'రామాయణ్' మొదలయ్యాక టీవీకి దండ వేసి అగరొత్తులు వెలిగించినవాళ్లకు కావలసింది రాముడి ముఖం. దానికి యాంటెన్నా ఒకవైపు తిరిగి తీరాలి.

తిరిగినా ఒక్కోసారి లాభం ఉండదు. మార్చిలో, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు, పదకొండు గంటల వేళ సూర్యుడు సరిగ్గా ఆ ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆయన రేడియో హోరులో ఉపగ్రహం గొంతు మునిగిపోతుంది, బొమ్మ బిగుసుకుంటుంది. డాబా ఎక్కి నట్లు వదులు చేసినవాడికి ఆ పూటంతా తంటాలే. ఎక్కనివాడి ఇంట్లో కాసేపటికి సీరియల్ దానంతటదే వచ్చేస్తుంది.