నొప్పికి తేదీ ఉంటుందా?

గంజాయి అనగానే మనకు తోచేది చెడు సావాసం, పోలీసు కేసు. వైద్యులమైన మేమూ ఆ భయంతోనే పెరిగాము. అందుకే చక్రాల కుర్చీలో వచ్చిన ఒక రోగి, "కాళ్ళు బిగుసుకుపోయి రాత్రి నిద్ర లేదు డాక్టరుగారూ, గంజాయి వాడితే తప్పా?" అని అడిగినప్పుడు జవాబు చెప్పలేకపోయాము. మేముండే రాష్ట్రంలో చట్టం అడ్డు కాదు, మా సంకోచమే అడ్డు.

అమెరికాలో ఈ ప్రశ్న పాతదే. రాబర్ట్ రాండల్ అనే గ్లకోమా రోగి చూపు నిలుపుకోవాలని ఇంట్లో గంజాయి మొక్కలు పెంచి 1975లో పట్టుబడ్డాడు. 1976లో కోర్టు అతని అవసరాన్ని ఒప్పుకుంది. వైద్యానికి పనికిరాదని 1970 చట్టంలో రాసుకున్న ప్రభుత్వమే అతనికి గంజాయి సిగరెట్లు సరఫరా చేసింది! అతని పోరాటంతో మరికొందరికీ దారి దొరికింది. ఎయిడ్స్ రోగుల దరఖాస్తులు పెరగగా 1992లో కొత్తవారికి తలుపు మూశారు; పాతవారికి మాత్రం సరఫరా ఆగలేదు. బాధ ఒకటే, తేడా దరఖాస్తు తేదీలోనే. ఇది న్యాయమా?

రుజువు కావాలంటాము మేము. నిజమే. గ్లకోమాలో గంజాయి ప్రభావం మూడు నాలుగు గంటలే. వేరే మందులే మేలు. కాని మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల కండరాల బిగుతుకు, నోటి ద్వారా తీసుకునే గంజాయి మందులు కొంత ఉపశమనమిస్తాయని 2017లో అమెరికా జాతీయ అకాడమీల నివేదిక తేల్చింది. దుర్వినియోగ భయం మార్ఫిన్‌కూ ఉంది. అయినా క్యాన్సర్ రోగికి ఇస్తున్నాము కదా!

రుజువు కోసం ఆగేది మేము, ఆ రాత్రులు గడిపేది రోగి. ఆయన మళ్ళీ వచ్చినప్పుడు తెలిసినది దాచకుండా చెబుతాము. అంతకన్నా ముందు, ఆయన చెప్పేది పూర్తిగా వింటాము.